బూట్లతో తొక్కిన క్లచ్

8 నవంబర్ 2025, శనివారం

పాత కార్ల బ్రోకర్ సంజీవరావు నా స్నేహితుడు ఉమామహేశ్‌ను మోసం చేశాడు. క్లచ్ పోయిన స్పోర్ట్స్ కారును మంచి బండి అని అంటగట్టాడు.

కరపత్రం ఇలాగే మొదలవ్వాలి. మొదటి వాక్యంలో నేరం, నేరస్తుడి పేరు. ఏలూరు రోడ్డు ఫుట్‌పాత్ మీద నేను కొనుక్కున్న చిన్న ఉద్యమ పుస్తకాలన్నీ అలాగే మొదలవుతాయి. చుట్టూ తిప్పి చెప్పేవాడు ఎవరికో భయపడుతున్నాడని అర్థం.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. రేపు ఎవరైనా నిలదీస్తే తడబడకూడదు.

ఉమా వాళ్ళది మంగళగిరిలో నేతపని ఇల్లు. నాన్న కోటిలింగం గారు ఇప్పటికీ గుంట మగ్గం మీద నేస్తున్నారు. ఉమాకు మగ్గం వద్దు. పెళ్ళికి ముందు జంటలు ఫొటోలు తీయించుకుంటున్నారు కదా, వాళ్ళకు అద్దెకివ్వటానికి రెండు తలుపుల ఎర్ర కారు కొన్నాడు. ఈ నెలాఖరు నుంచి మూఢం. మళ్ళీ ముహూర్తాలు వచ్చే ఏడాదే. ఈలోగా ఒప్పుకున్న షూటింగులు చేసి పేరు తెచ్చుకుంటే బండి నిలబడుతుంది, లేకపోతే బండీ పోతుంది, వాడు మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాలి.

నిన్న సాయంత్రం మొదటి షూటింగ్. ఉండవల్లి గుహల దగ్గర ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరిచిందట, బండి మాత్రం కదల్లేదట. ఒకటే కాలిన వాసన. పట్టుచీరలో పెళ్ళికూతురు, షేర్వాణీలో పెళ్ళికొడుకు దిగి వెనక నుంచి తోశారు. ఫొటోగ్రాఫర్ అదీ తీశాడు. పొద్దున్నే ఆ వీడియో మా ఆటోనగర్ టీకొట్టు దాకా వచ్చింది. పెళ్ళికూతురు ఆగి ఆగి నవ్వుతోంది. ఉమా స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

పోయిన శనివారం, కొనే ముందు, పటమటలో సంజీవరావు షెడ్డుకు వెళ్ళి ఆ కారు చూసింది నేనే. దాచాల్సిన పని లేదు. అన్నీ చూశాను. వరద వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి మా ఊళ్ళో పాత కారు కొనే ప్రతివాడూ నీళ్ళలో మునిగిన బండేమోనని ముందు కార్పెట్ ఎత్తి వాసన చూస్తాడు. నేనూ చూశాను. సీటు పట్టాల్లో మట్టి ఉందేమో, స్పేర్ టైరు గుంటలో బురద చార ఉందేమో, డోర్ రబ్బరు కింద తుప్పు ఉందేమో, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ముప్పావు గంట వెతికాను. చిటికెడు మట్టి లేదు. ఆ తర్వాత క్లచ్. క్లచ్ పట్టేలోపు పెడల్ ఖాళీగా కదిలే వదులును స్కేలు పెట్టి కొలిచాను. పన్నెండు మిల్లీమీటర్లు. ఉండాల్సినంతే ఉంది. తొక్కితే బరువుగా ఉంది, స్పోర్ట్స్ కార్లకు ఆ మాత్రం ఉంటుంది. బాగుందని అందరికీ వినపడేలా పైకే చెప్పాను.

సంజీవరావు ఏదో వాగాడు. బ్రోకర్లు వాగుతూనే ఉంటారు.

పన్నెండు మిల్లీమీటర్లు. కాగితం మీద రాసి పెట్టాను కూడా.


9, ఆదివారం

కారును తాడు కట్టి లాక్కొచ్చి, నేను పనిచేసే మా మామూ షెడ్డులో పెట్టాం. దారంతా ఉమా నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.


10, సోమవారం

కరపత్రం కింద మామూ సంతకం పెట్టనన్నాడు.

మామూ మా అమ్మకు అన్న. ఆటోనగర్ మొత్తానికి బడే మియా. నలభై ఏళ్ళుగా క్లచ్ పనే. నాకు స్పానర్ పట్టుకోవటం నేర్పిందీ ఆయనే. పాత బండి కొనేవాళ్ళు మైలవరం నుంచి, గుడివాడ నుంచి వచ్చి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. చెప్పులు కింద విడిచి బండెక్కుతాడు. ఎడమ కాలు క్లచ్ మీద పెట్టి కళ్ళు మూసుకుంటాడు. అమ్మేవాడి ముందు నోరు విప్పడు. దిగేటప్పుడు సీటు మీద నుంచే కాళ్ళు చెప్పుల్లోకి దూర్చాడా, బండి వద్దని. ముందు ఉత్త కాళ్ళు నేలకు ఆనించి ఆ తర్వాత చెప్పులు తొడుక్కున్నాడా, తీసుకోమని. అంతే. కొనేవాడికీ అమ్మేవాడికీ తెలిసిపోతుంది. ఎవరి పరువూ పోదు.

నాకిది ఏనాడూ నచ్చలేదు. వచ్చిన విద్యను సైగల్లో దాచుకోవటం పాతకాలపు పెత్తనం. తెలిసింది కొలిచి చూపించాలి, పదిమందిలో చెప్పాలి. స్కేలు పట్టుకెళ్ళింది అందుకే.

"దేనికిరా సంతకం?" అన్నాడు మామూ.

"సంజీవరావు మోసం చేశాడని."

"బండి చూసి బాగుందన్నది నువ్వే కదా."

"వాడేదో మాయ చేశాడు."

"క్లచ్‌లో మాయ ఏముంటదిరా. చెప్పేదేదో కాలికి చెప్తది."

"అయితే నువ్వే వచ్చి చూడాల్సింది. రమ్మంటే నన్ను పొమ్మన్నావు. దసరా నుంచి ఒక్క బండికీ కాలు పెట్టట్లేదు. ఎవరితో ఏం మాట్లాడుకున్నావు మామూ?"

మామూ చేతిలో స్పానర్‌ను చాలాసేపు తుడిచాడు. తుడవటానికి దాని మీద ఏమీ లేదు.

"చాయ్ తాగుతావా?" అన్నాడు.

మామూ, సంజీవరావు రోజూ సాయంత్రం టీకొట్టులో ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఇదీ రాసి పెట్టుకుంటున్నాను.


11, మంగళవారం

మా చెల్లెలు ఇష్రత్ డీటీపీ సెంటర్లో పనిచేస్తుంది. కరపత్రం అక్కడే కొట్టించాను, 'ఆటోనగర్ యువ కార్మిక వేదిక' పేరుతో. వేదికలో ప్రస్తుతానికి ముగ్గురం, ఇష్రత్‌కు తెలియకుండా ఇష్రత్‌తో కలిపి.

"సంజీవరావు సంగతి సరే. 'నోరు కట్టేసుకుని, కాలు ముడుచుకుని కూర్చున్న పెద్దమనుషులు' అంటే మామూయేనా?" అంది టైపు చేస్తూ.

"పేరు పెట్టలేదు కదా."

"ఆటోనగర్లో కాలు అంటే ఇంకెవరిది భాయ్? సరే, మరి నీ పేరేది? కారు చూసింది నువ్వేగా."

"నేను రాసేవాణ్ణి."

"ఓహో. రాసేవాళ్ళకు కాళ్ళుండవన్నమాట."

రెండు వందల కాపీలు. గురువారం ఉదయం పది గంటలకు మామూ షెడ్డు ముందు బహిరంగ విచారణ.


12, బుధవారం

టీకొట్టు దగ్గర పంచుతుంటే సంజీవరావు తనే వచ్చి ఒక కాపీ అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా చదివాడు.

"తెలుగు బాగా రాస్తావు బాబూ. ఆ రోజు నేనన్న మాట కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది."

"నువ్వేమన్నావు?"

నా బూట్ల వైపు ఒకసారి చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఏమన్నాడో గుర్తు లేదు.

మధ్యాహ్నం ఉమా ఫోన్ చేశాడు. రెండో షూటింగ్ వాళ్ళు వేరే కారు మాట్లాడుకున్నారట. వీడియో చూశారట. "సోమవారం తెల్లవారుజామున ఒకటుంది. అదీ పోతే ఇంక నన్నెవరూ పిలవరు. నాకు విచారణ వద్దురా ఆరిఫ్. బండి కావాలి. విప్పండి."

"పదిమంది ముందు తేలేదాకా ఒక్క బోల్టు కూడా ముట్టనివ్వను. అది సాక్ష్యం" అన్నాను.

"ఎవరికి?" అని పెట్టేశాడు.

పన్నెండు మిల్లీమీటర్లు. గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.


13, గురువారం

పదికి పిలిస్తే పదకొండుకు పదిహేను మంది వచ్చారు. సంజీవరావు వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఉమా తన నాన్నను ఆటోలో తీసుకొచ్చాడు. కోటిలింగం గారు భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, కొడుకు కొన్న కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అద్దంలో తనను తాను చూసుకుని పక్కకు జరిగారు.

నేను ప్రసంగం రాసుకుని వెళ్ళాను. బాగానే మాట్లాడాను. చివర మామూ వైపు తిరిగి, "ఈ బండికి అందరి ముందూ కాలు పెట్టు మామూ. నిజం చెప్పు" అన్నాను.

"వద్దురా" అన్నాడు, నాకొక్కడికే వినపడేలా.

"భయమా?" అన్నాను. అందరికీ వినపడేలా.

మామూ చెప్పులు విడిచి ఎక్కాడు. క్లచ్ తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వంగి కాలి వైపే చూస్తున్నాడు. అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. అప్పుడైనా నాకు తట్టలేదు.

పక్కకు తిరిగి దిగబోయాడు. కుడి కాలు చెప్పులో దూరింది. ఎడమ కాలు వెతుకుతోంది. చెప్పు కాలికి తగులుతూనే ఉంది, అయినా వెతుకుతోంది. చివరికి చెప్పును దాటిపోయి నేల మీద ఆనింది.

"నేలకు ఆనించాడ్రోయ్. బండి బాగుందంట" అన్నాడెవడో. నలుగురు నవ్వారు.

నాకు కావాల్సింది దొరికింది. "చూశారా? ఎత్తు ఎక్కని బండిని బాగుందంటున్నాడు. కుమ్మక్కు అంటే ఇదే" అన్నాను.

మామూ దిగాడు. ఎడమ చెప్పు అక్కడే వదిలేసి కుళాయి వైపు నడిచాడు. పక్కనే లేత్ మిషన్ షాపు. మా షెడ్డు ముందు నేల మీద ఎప్పుడూ ఇనుప రజను, చుట్టలు చుట్టుకున్న పొట్టు పడి ఉంటాయి. చెప్పులున్న మేమే చూసి అడుగేస్తాం. మామూ చూడలేదు, కుంటలేదు, మామూలుగా నడిచి వెళ్ళాడు. ఆయన వెనక సిమెంటు మీద ఒకటి వదిలి ఒకటి ఎర్రగా పాదం గుర్తులు పడుతున్నాయి.

నేను చూశాను. కోటిలింగం గారూ చూశారు. ఆయనే గబుక్కున అన్నారు: "నేనోసారి కూర్చోవచ్చా బాబూ?"

అందరి తలలూ ఇటు తిరిగాయి.

"నాన్నా, నీకు కారు రాదు" అన్నాడు ఉమా.

"నేనేం మైలవరం దాకా పోతానన్నానా? తొక్కి చూస్తానంతే. ఇంజన్ వెయ్యి."

చెప్పులు విడిచి, మగ్గం గుంటలోకి దిగినట్టే మోకాళ్ళు ముడిచి కూర్చున్నారు. నాలుగు రోజులుగా కదలని బండి, ఇంజిన్ చల్లగా ఉంది. ఎడమ కాలు మోపి మెత్తగా తొక్కారు. మెల్లగా వదులుతూ సగంలో ఆపారు. కళ్ళు మూసుకున్నారు.

"ఇదిగో, ఇక్కడ వణుకుతోంది."

"ఎక్కడండీ?" అన్నాను.

"సగంలో. అడుగున లేదు, పైన లేదు. మాకు మగ్గంలో కాలి చెక్కకు కట్టిన తాడు పురి వదిలితే ఇలాగే తెలుస్తది. గుడ్డ మీద తప్పు కనపడకముందే కాలికి తెలుస్తది." కళ్ళు తెరిచి నన్ను చూశారు. "నువ్వు చూసిన రోజు లేదా బాబూ ఇది?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు.

నేను బూట్లు విప్పాను. ముందు భాగంలో ఇనుప రేకున్న కొత్త సేఫ్టీ బూట్లు, కార్మికుడు కాళ్ళు కాపాడుకోవాలని చదివి కొనుక్కున్నవి. లేసులు ముడిపడిపోయాయి. పదిహేను మంది చూస్తుండగా ఆ ముళ్ళు విప్పటానికి ఎంత సేపు పట్టిందో. సాక్సు లాగేసి, కూర్చుని, పాదం ఆనించాను.

ఉంది. గుప్పిట్లో పట్టుకున్న ఈగలాగా, సగంలో.

అందరినీ వెళ్ళిపొమ్మన్నాను.


14, శుక్రవారం

ఒక మాట నిన్న రాయలేదు. మొన్న రాయలేదు. ఎనిమిదో తేదీనా రాయలేదు.

కొన్న రోజు నేను బాగుందని చెప్పగానే సంజీవరావు అన్నది ఇదీ: "ఇంజిన్ వేడి మీదుంది, ఆ వణుకూ గిణుకూ ఉన్నా తెలవదు. గంట ఆగి, బూట్లు తీసి ఇంకోసారి తొక్కు బాబూ. మీ మామయ్య అలాగే చూస్తాడు."

దానికి నేనన్నది: "నాకు నేర్పేటంత మొనగాడివా బ్రోకరూ?"

ఉమా పక్కనే ఉన్నాడు. విన్నాడు. ఆరు రోజులుగా వాడు నన్ను ఏమీ అనకపోవటానికి కారణం ఇది. నేనే చెబుతానని చూశాడు.

ప్రతి అక్షరం గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది.

జుమ్మా నమాజుకు వెళ్ళాను. కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకునే కుళాయిల దగ్గర మామూ పక్కన కూర్చున్నాను. ఎడమ పాదానికి కట్టు ఉంది. దాని మీద తడి చేత్తో నిమిరి ఊరుకున్నాడు.

"ఎప్పటి నుంచి మామూ?"

"రంజాన్ నుంచి తిమ్మిరి. దసరాకు స్పర్శ పూర్తిగా పోయింది. సుగరు. డాక్టరమ్మ సూదితో గుచ్చింది. ఎక్కడ గుచ్చిందో కళ్ళతో చూసి చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నిన్ను పంపాను కదా. చెప్పటమంటే అదే."

కుళాయి కట్టేశాను.

"సంజీవరావుకు తెలుసు" అన్నాడు. "రోజూ సాయంత్రం నా చెప్పు పట్టీ ఆయనే సర్దుతాడు, ఎవరూ చూడకుండా."

అదీ ఆ బల్ల మీద జరిగే కుమ్మక్కు. రాసి పెట్టుకున్నాను కదా.

"మరి నిన్న ఎందుకు ఎక్కావు మామూ? రానని అనాల్సింది."

"భయమా అన్నావుగా." అని, నా ముఖం చూసి, "లే, జమాత్ మొదలవుతోంది" అన్నాడు.

విద్యను దాచుకోవటం పెత్తనం అని రాశాను. దాచుకోవటానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదని, మిగిలింది నా దగ్గరే వదిలాడని, దాన్ని నేను బూట్లతో తొక్కానని ఏ పుస్తకంలో ఉంటుంది.


15, శనివారం

పొద్దున్నే పటమట వెళ్ళి సంజీవరావు గారికి క్షమాపణ చెప్పాను. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"ఆ క్లచ్ పోయిందని మీకు ముందే తెలుసు కదా" అన్నాను. కోపం ఇంకా ఉంది, దాన్నేం చేసుకోను.

"అనుమానం ఉంది బాబూ. అందుకే బూట్లు తీయమన్నాను. అమ్మేవాడు అంతకంటే ఏం చెప్తాడు?"

అది పూర్తి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆయనే చెన్నైకి ఫోన్ చేశాడు. కొత్త క్లచ్ సెట్టు రాత్రి బస్సు పార్సిల్లో వస్తుంది. దాని డబ్బుల కోసం నా బైకు అమ్మేశాను. పోనీ.

ఉమాకు అంతా చెప్పాను. విని, "నువ్వు లేసులు విప్పుతున్నప్పుడు వీడియో తీయాల్సిందిరా. నాదానికంటే బాగా తిరిగేది" అన్నాడు. వారం రోజుల తర్వాత వాడి నోట మొదటి వేళాకోళం.

సోమవారం తెల్లారేసరికి బండి ఎత్తు ఎక్కాలి. గేర్‌బాక్స్ దించటానికి మామూ షెడ్డులో లిఫ్ట్ లేదు, మనుషులు కావాలి. కొత్త కాగితం రాసి ఇష్రత్‌కు ఇచ్చాను. చదివి, "ఇప్పుడొచ్చాయి రాసేవాడికి కాళ్ళు" అంది. డబ్బులు తీసుకోలేదు. వేదికలో తన పేరుందని అప్పుడు చెప్పాను. తిట్టింది, రాజీనామా మాత్రం చేయలేదు.

ఒక్క విషయం ఆ కాగితంలో లేదు. తెలిసిందంతా పదిమందిలో చెప్పాలనే నా సిద్ధాంతానికి ఇది విరుద్ధం. ఉండనీ.

రాసింది ఇదీ:

ఉమామహేశ్‌కు అన్యాయం చేసింది ఆరిఫ్. క్లచ్ పోయిన కారును చూసి బాగుందని చెప్పినవాడు ఆరిఫ్. ఇంజిన్ చల్లారనివ్వకుండా, బూట్లు విప్పకుండా, చెప్పినవాళ్ళ మాట వినకుండా చూశాడు. ఆ తప్పును శ్రీ సంజీవరావు గారి మీద, బడే మియా గారి మీద వేసి రెండు వందల కాగితాలు పంచాడు. వాటిని చించేయండి.

చూడటానికి ఎవరూ రావద్దు. పని చేయటానికి రండి. గేర్‌బాక్స్ పట్టుకుని దించటానికి నలుగురు కావాలి, ఎక్కించటానికి నలుగురు కావాలి. విప్పే ముందు, ఇంజిన్ చల్లగా ఉండగానే, వచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పులు విడిచి, ఎడమ కాలితో ఆ క్లచ్‌ను మెత్తగా తొక్కి, సగంలో ఆపి చూడండి. పోయిన క్లచ్ కాలికి ఎలా చెబుతుందో ఇకపై ఆటోనగర్లో అందరికీ తెలియాలి. మంగళగిరి కోటిలింగం గారు పక్కన ఉంటారు. బడే మియా గారు కుర్చీలో కూర్చుని నేర్పుతారు. ఆయన్ని చెప్పులు విడవమని ఎవరూ అడగొద్దు.

షెడ్డు ముందు నేల ఈ రాత్రే ఊడ్చి, ఇనుప రజను ఒక్క ముక్క లేకుండా ఏరి ఉంచుతాను.

రేపు, ఆదివారం, నవంబర్ 16, ఉదయం ఏడు గంటలకు. బడే మియా షెడ్డు దగ్గర. రండి.